మా ఇంటి డక్టుల్లో ముక్క వాసన: క్యారీ నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

మే చివరి వారం

ఏసీ ఆన్ అయిన మొదటి రెండు మూడు నిమిషాలు హాల్లో నేలమీది గ్రిల్ నుంచి ముక్క వాసన వస్తోంది. తడిసిన గోనెసంచిని ఆరబెట్టకుండా మడిచి మూల పడేస్తే వచ్చేలాంటి వాసన. పది నిమిషాలు గడిచేసరికి తగ్గుతుంది, లేదా మన ముక్కే అలవాటు పడుతుంది. ఏసీ ఆగి మళ్లీ మొదలైతే మళ్లీ అదే. వాన కురిసిన మర్నాడు మరీ ఎక్కువ. చలికాలంలో దాదాపు ఉండదు.

మేముండేది నార్త్ కరోలినాలోని క్యారీలో. పక్కనున్న మోరిస్‌విల్‌తో కలిపి చూస్తే ఇక్కడ తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో చాలామంది ఇళ్లు మా ఇంటిలాంటివే కాబట్టి ఇదంతా రాసిపెడితే పనికొస్తుందని మొదలుపెడుతున్నాను.

ముందు ఇల్లు ఎలా కట్టారో చెప్పాలి. 1994 నాటి చెక్క ఇల్లు. మన ఊళ్లలోలా మట్టి నింపి, దిమ్మిసా కొట్టి, దానిమీద గచ్చు చేసిన ఇల్లు కాదు. చుట్టూ ఇటుక గోడ, మధ్యలో సిమెంటు దిమ్మల స్తంభాలు, వాటిమీద చెక్క దూలాలు, దూలాలమీద ప్లైవుడ్, ఆపైన ఫ్లోరింగ్. నేలకీ దూలాలకీ మధ్య మూడడుగుల ఖాళీ ఉంటుంది. దీన్ని క్రాల్ స్పేస్ అంటారు, పేరుకు తగ్గట్టే పాకుతూ తప్ప వెళ్లలేం. కింది అంతస్తు హీట్ పంప్ (వేసవిలో ఏసీగా, చలికాలంలో హీటర్‌గా పనిచేసే యంత్రం) లోపలి యూనిట్, దాని గాలిని గదులకి మోసే గొట్టాలు, అంటే డక్టులు, అన్నీ అక్కడే ఉన్నాయి. చుట్టుగోడలో గాలి ఆడటానికని చిన్న చిన్న జాలీలు పెట్టారు.

వేసవికి మా మామయ్యగారు రాజమండ్రి నుంచి వచ్చారు. ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. సాయంత్రం పెరట్లో నడుస్తూ ఒక జాలీ దగ్గర వంగి వాసన చూసి, "అల్లుడుగారూ, మీరు ఏసీ వాసన అంటున్నది ఇదేనండీ. ఇంటి కింద నెమ్ము. ఇది పైకి ఎలా ఎక్కుతోందో చూసుకోండి" అన్నారు. నేనూ వంగి చూశాను. ఖచ్చితంగా అదే వాసన.

తలుపుకి తగిలించి వెళ్లే డక్ట్ క్లీనింగ్ కాగితాలు ఇంట్లో రెండు మూడు ఉన్నాయి. పిలవదలచుకోలేదు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఈ విషయంలో స్పష్టంగా ఉంది: డక్టులు శుభ్రం చేయించినందువల్ల ఆరోగ్య సమస్యలు రాకుండా ఆగుతాయని ఇంతవరకు రుజువు కాలేదు, మామూలుగా ఏటా చేయించాల్సిన పనేం కాదు అంటుంది. లోపల బూజు కళ్లకు కనబడినా, ఎలుకలు దూరినా, దుమ్ము పేరుకుని గ్రిల్ నుంచి రాలుతున్నా అప్పుడు వేరే సంగతి. మా డక్టుల్లోకి ఫోన్ కెమెరా దించి చూశాను. పల్చటి దుమ్ము తప్ప ఏమీ లేదు.

జూన్ మొదటి వారం

ఏ పనీ మొదలుపెట్టకముందు వాసన ఎప్పుడు, ఎక్కడ వస్తోందో వారంపాటు రాసిపెట్టాం. ఎక్కువ పట్టుకున్నది మా ఆవిడే. ఆమె ముక్కు నాకన్నా చురుకు. ఇలా రాసుకోవడానికి కారణం ఉంది. అన్ని వాసనలూ గ్రిల్ నుంచే వస్తాయి గానీ పుట్టేచోట్లు వేరు. ఫ్యాన్ తిరగడం మొదలైన మొదటి నిమిషంలోనే వచ్చి తగ్గితే, ఏసీ ఆగి ఉన్నప్పుడు డక్టులోకి పాకిన బయటి గాలి అది. ఒక్క గదిలోనే వస్తే ఆ గదికెళ్లే డక్టో, దాని చివరి పెట్టో చూడాలి. హీటింగ్‌కి మారినప్పుడే వస్తే కాయిల్, అంటే యూనిట్ లోపల గాలిని చల్లబరిచే, వేడిచేసే గొట్టాల చుట్ట. రోజంతా అన్ని గదుల్లో సమానంగా ఉంటే రిటర్న్ వైపు చూడాలి, ఎందుకంటే ఇంటి గాలంతా అటునుంచే తిరిగి వెళ్తుంది.

మా కాగితం మీద రెండు రకాలు తేలాయి. ఒకటి అన్ని గదుల్లో, మొదటి నిమిషాల్లో, వాన తర్వాత ఎక్కువ. రెండోది వంటింటి గ్రిల్ దగ్గర మాత్రమే, అదీ మధ్యాహ్నం వేళ.

జూన్ రెండో వారం

తేమ మీటర్లు రెండు కొని ఒకటి బయట నీడలో, ఒకటి క్రాల్ స్పేస్‌లో పెట్టాను. మధ్యాహ్నం బయట 90 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 32 సెల్సియస్ (ఇక్కడినుంచి డిగ్రీలన్నీ ఫారన్‌హీట్‌లోనే). గాలిలో తేమ 56 శాతం. కింద 76 డిగ్రీలు, తేమ 88 శాతం.

చూడగానే కింద నీళ్లు ఎక్కువున్నాయనిపిస్తుంది. నేల తడి కొంత ఉంది నిజమే. కానీ అసలు సంగతి డ్యూ పాయింట్‌లో ఉంది. గాలిని ఏ ఉష్ణోగ్రతకి చల్లబరిస్తే నీటి బొట్లు కట్టడం మొదలవుతుందో అది డ్యూ పాయింట్. ఆ రోజు బయటి గాలికి అది 72 డిగ్రీలు. జూలైలో ఇక్కడ 70 దాటి ఉండటం మామూలే. ఆ గాలి జాలీల్లోంచి లోపలికొచ్చి నేల చలవకి 76కి దిగుతుంది. అందులోని నీళ్లు ఏమాత్రం పెరగలేదు, గాలి చల్లబడింది కాబట్టి తేమ శాతం ఒక్కసారిగా 88కి ఎక్కింది. చెక్క ఉపరితలం దగ్గర తేమ 80 శాతం దాటి చాలా రోజులు అలాగే ఉంటే బూజు పట్టడానికి అంతకన్నా ఏం కావాలి.

పొడి గాలి వీచే కాలంలో జాలీలు ఇంటి కింద తడిని ఆరబెడతాయి. అందుకే కట్టుబడి నిబంధనల్లో నూటయాభై చదరపు అడుగుల నేలకి ఒక చదరపు అడుగు జాలీ ఉండాలని పెట్టారు. ఆగ్నేయ రాష్ట్రాల వేసవిలో మాత్రం అవే జాలీలు తడిని లోపలికి మోసుకొస్తాయి. మన కోస్తా జిల్లాల్లో ఉక్కపోత రోజున ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా మీద ఎన్ని నీళ్లు కడతాయో అందరికీ తెలుసు. ఇక్కడ ఇంటి కింద చల్లగా ఉన్నవి డక్టులు. వాటిలో నడిచే గాలి 55 డిగ్రీలు.

ఎన్95 మాస్కు, ఒళ్లంతా కప్పే తెల్ల సూట్, మోకాలి ప్యాడ్లు వేసుకుని లోపలికి దూరాను. ఇక్కడ కాపర్‌హెడ్ పాములు మామూలే. అందుకని ముందు తలుపు దగ్గర నుంచే టార్చి వేసి మూలలన్నీ చూసుకుని వెళ్లాలి. ఎవరైనా ఒకరు బయట ఉండాలి.

చూసినవి:

నేలమీద పరిచిన పాత ప్లాస్టిక్ పట్టా సగం మేరకే ఉంది, అదీ చిరిగి ముడుచుకుపోయింది. మిగతాదంతా ఎర్ర బంకమట్టి. క్యారీ పడమటి వైపు, మోరిస్‌విల్ కింద ఉన్నది ట్రయాసిక్ బేసిన్ మట్టి. తడిస్తే ఉబ్బి, ఎండితే పగిలే రకం. నల్లరేగడి తెలిసినవాళ్లకి దీని స్వభావం వెంటనే అర్థమవుతుంది. నీరు లోపలికి ఇంకదు, నిలబడుతుంది. ఈశాన్య మూల వేలితో నొక్కితే గుంట పడింది. సరిగ్గా ఆ గోడ అవతలే పైకప్పు నీళ్ల గొట్టం పునాది పక్కన నీళ్లు వదులుతోంది.

వేడి, చలి ఆపడానికి దూలాల మధ్య కుక్కిన దూదిలాంటి పింక్ ఫైబర్‌గ్లాస్ చాలాచోట్ల కిందికి వేలాడుతోంది. పట్టుకుంటే బరువుగా ఉంది. దూలాల్లో పిన్ను మీటర్ గుచ్చితే దక్షిణం వైపు 15 శాతం, యూనిట్ పక్కన 21 నుంచి 24. చెక్కలో తేమ 20 దాటిందంటే తాత్సారం చేయకూడదు.

ఇక డక్టులు. మావి ఫ్లెక్స్ డక్టులు. లోపల ప్లాస్టిక్ గొట్టం, దానిచుట్టూ ఫైబర్‌గ్లాస్, పైన వెండిరంగు తొడుగు. ఇన్సులేషన్ ఆర్-4 అని తొడుగు మీదే అచ్చువేసి ఉంది (ఆర్ అంకె ఎంత పెద్దదైతే వేడిని అంత బాగా ఆపుతుంది). తిన్నగా సాగిన చోట్ల అంతా పొడిగా ఉన్నాయి. పట్టీ బిగించి ఇన్సులేషన్ నొక్కుకుపోయిన ప్రతిచోటా నీళ్లు. రెండు డక్టులు ఒకదానికొకటి ఆనుకున్నచోట నీళ్లు. గ్రిల్ కిందుండే రేకు పెట్టెకైతే ఇన్సులేషనే లేదు, దాని అంచునుంచి బొట్లు బొట్లుగా కారుతోంది. వంటింటికి వెళ్లే డక్టు తొడుగు జానెడు మేర చిరిగి ఉంది. చిరుగులో వేళ్లు పెట్టి పిండితే ఫైబర్‌గ్లాస్‌లోంచి నీళ్లొచ్చాయి. ఆ వేళ్లకి అంటిన వాసన, వంటింటి గ్రిల్ దగ్గరి వాసన ఒకటే.

జూన్ మూడో వారం

నెమ్ము ఎక్కడుందో తెలిసింది. అది పైకి ఎలా ఎక్కుతోందన్నదే మామయ్యగారి ప్రశ్న. దానికోసం ఇళ్ల ఎనర్జీ పరీక్షలు చేసే అతన్ని పిలిచాం. గ్రిల్స్ అన్నీ మూసేసి, ఒక ఫ్యాన్‌తో డక్టుల్లో 25 పాస్కల్స్ ఒత్తిడి నిలిపి, ఆ ఒత్తిడి నిలవడానికి నిమిషానికి ఎంత గాలి పంపాల్సి వస్తోందో చూశాడు. ఎంత పంపితే అంత లీకవుతోందన్నమాట. నిమిషానికి 310 ఘనపు అడుగులు వచ్చింది. మా మూడు టన్నుల యూనిట్ తిప్పే గాలి సుమారు 1,200. ఈపీఏ వాళ్ల ఇంధన పొదుపు కార్యక్రమం ఎనర్జీ స్టార్ లెక్కప్రకారం మామూలు ఇళ్లలో డక్టుల గాలి 20 నుంచి 30 శాతం లీకుల్లోనే పోతుంది. మా ఇల్లూ ఆ కోవలోనిదే.

గదుల్లోకి గాలి పంపే సప్లై వైపు లీకైతే చల్లగాలి బయటికి పోయి కరెంటు బిల్లు పెరుగుతుంది. వాసనకి కారణం రిటర్న్ వైపు లీకు. యూనిట్‌లోని ఫ్యాన్ ఇంటి గాలిని రిటర్న్ డక్టులోంచి లాగుతుంది. ఆ దారిలో కన్నం ఉంటే, కన్నం బయట ఏ గాలుంటే ఆ గాలినీ లాగేస్తుంది. మా ఇంట్లో రిటర్న్‌కి సగం దూరం అసలు డక్టే లేదు. రెండు దూలాల మధ్య ఖాళీకి కిందనుంచి రేకు కొట్టి, అదే డక్టు అనుకోమన్నారు. అప్పట్లో కట్టిన ఇళ్లలో ఇది బాగా కనిపిస్తుంది. చెక్క ఎండి కుదించుకుపోయేకొద్దీ రేకుకీ దూలానికీ మధ్య సందులు తెరుచుకుంటాయి. పొగ పెన్సిల్ వెలిగించి ఆ సందు దగ్గర పెడితే పొగ తీగలా సాగి లోపలికి పోయింది. ఫిల్టర్ పెట్టే గాడి దగ్గరా అంతే, యూనిట్ తలుపు అంచు దగ్గరా అంతే.

ఏసీ కాయిల్ నుంచి కారే నీళ్ల గొట్టానికి వంపు ఉంటుంది, పీ ట్రాప్ అంటారు. అందులో నీళ్లు నిలిచి ఉన్నంతకాలం ఆ గొట్టంలోంచి గాలి రాదు. మా గొట్టం ఫ్యాన్ లాగే వైపు ఉంది. వంపు ఎండిపోతే అదీ ఒక కన్నమే. చలికాలంలో కాయిల్ నుంచి నీళ్లు రావు కాబట్టి వసంతంలో ఇది గుర్తుపెట్టుకుని కాసిని నీళ్లు పోయాలి.

ఫ్యాన్ ఆగి ఉన్నప్పుడూ ఇంటి కింది గాలి పైకి ఎక్కుతూనే ఉంటుంది. నేల గ్రిల్ పెట్టెల చుట్టూ ప్లైవుడ్ కోసిన చోట వేలు పట్టే సందులున్నాయి. పైపులు, వైర్లు వెళ్లే కన్నాలు సరేసరి. వీటన్నిటి మధ్య ఇంటికీ నేలకీ అడ్డమేముంది? మట్టిలో ఉండే సూక్ష్మజీవులు వదిలే జియోస్మిన్ అనే పదార్థాన్ని మనిషి ముక్కు గాలిలో లక్ష కోట్ల వంతుల్లో కొద్ది వంతులున్నా పట్టేస్తుంది. తొలకరి వాన పడినప్పుడు మనకి అంతిష్టమైన మట్టి వాసన అదే. బూజుల నుంచి వచ్చే ఇతర ఆవిరులు దానికి తోడై పడగ్గదిలోకి వస్తే తల పట్టేస్తుంది.

జూన్ చివర

పనుల వరుస గురించి చాలా ఆలోచించాం. కొటేషన్ ఇచ్చినవాళ్లలో ఒకరు క్రాల్ స్పేస్‌ని నేరుగా ప్లాస్టిక్ వేసి మూసేసి డీహ్యూమిడిఫయర్ (గాలిలో తేమ లాగే యంత్రం) పెడదామన్నారు, వేల డాలర్లలో మాట. నీళ్లు లోపలికొచ్చే దారి ఉండగా మూసేస్తే ఆ యంత్రం రాత్రింబవళ్లు తిరుగుతూ ఉండాల్సిందే. అందుకని ముందు బయటి నీళ్లు, తర్వాత డక్టులు, ఆఖరికి మూయడం అని నిర్ణయించుకున్నాం.

బయటి నీళ్ల పని చవకది, ఎక్కువ ఫలితమిచ్చేది. పైకప్పు గొట్టాలన్నిటికీ పునాది నుంచి పదడుగుల దూరం పోయేలా పొడుగు పైపులు వేశాం. ఈశాన్య మూల మట్టి ఎత్తుచేసి వాలు బయటికి తిప్పాం. ఇది మామయ్యగారే దగ్గరుండి చేయించారు. నీళ్లమట్టం చూడటానికి సన్నని పారదర్శక పైపు తెప్పించి, నీళ్లు నింపి, రెండు కొసలూ పట్టుకుని వాలు సరిచూశారు. మన మేస్త్రీలు లెవెల్ చూసే పద్ధతే. మధ్యలో రెండు పెద్ద వానలు పడ్డాయి. ఆ మూల మళ్లీ మెత్తబడలేదు.

జూలై

డక్టుల పని నెలంతా పట్టింది. శని, ఆదివారాలు పొద్దున్నే, ఎండ ఎక్కకముందు.

తడిసిన ఫైబర్‌గ్లాస్‌ని శుభ్రం చేయలేం. ఈపీఏ కూడా తడిసిన, బూజు పట్టిన ఇన్సులేషన్ తీసేసి కొత్తది వేయమంటుంది. లోపల మందు చల్లి చంపేస్తామనేవాళ్ల మాట వినకండి. ఫైబర్‌గ్లాస్ డక్టుల లోపల వాడటానికి రిజిస్టరైన మందులేవీ లేవని అదే సంస్థ చెబుతోంది. ఓజోన్ యంత్రాలు పెట్టించుకోవడమైతే ఊపిరితిత్తులకే ప్రమాదం. వంటింటి డక్టు, దాని పక్కది పూర్తిగా మార్చి ఆర్-8 వేశాం. పట్టీలు వెడల్పువి వాడి, నొక్కుకుపోకుండా దగ్గర దగ్గరగా కట్టాం. రెండు డక్టులు ఆనకుండా ఎడం చేశాం. రేకు పెట్టెలన్నిటికీ ఇన్సులేషన్ చుట్టాం.

దూలాల మధ్య రేకు కొట్టిన రిటర్న్ తీయించేసి అసలైన డక్టు వేయించాం. ఇది హెచ్‌వీఏసీ (హీటింగ్, ఏసీ పనులు చేసే) వాళ్లకి ఇచ్చిన పని, ఒక పూటలో చేసేశారు. డబ్బు ఎక్కడైనా మిగల్చండి గానీ ఇక్కడొద్దు.

అతుకులన్నిటికీ మాస్టిక్. బూడిదరంగు చిక్కటి ముద్ద, చేతి గ్లవ్స్‌తోనో పాత బ్రష్‌తోనో నాణెం మందాన పట్టించాలి. పెద్ద సందైతే ముందు ఫైబర్ జాలీ టేపు అంటించి దానిమీద పూయాలి. హార్డ్‌వేర్ షాపులో డక్ట్ టేప్ పేరుతో అమ్మే గుడ్డ టేపు పేరుకే డక్టుది. 1998లో అమెరికా జాతీయ పరిశోధనశాల లారెన్స్ బర్కిలీ ల్యాబ్ వాళ్లు డక్టుల అతుకుల మీద రకరకాల సీలెంట్లు పరీక్షించి, వేడికి ఆ గుడ్డ టేపే ఊడిపోతోందని తేల్చారు. మా ఇంట్లోనూ పాత గుడ్డ టేపు ఎండి తొక్కలా వేలాడుతోంది. జిగురు పొడి పొడిగా రాలింది.

గ్రిల్స్ అన్నీ పైకి తీసి, పెట్టెకీ ప్లైవుడ్‌కీ మధ్య సందుల్లోనూ మాస్టిక్ పట్టించాం. ఈ పని మా అమ్మాయి చేసింది. ఇంటి లోపలినుంచే, కూర్చుని చేసే పని కాబట్టి పిల్లలకీ ఇవ్వొచ్చు.

మళ్లీ పరీక్ష చేయించాం. 310 కాస్తా 78కి దిగింది. అదే రోజు రాత్రి ఏసీ మొదలైనప్పుడు మా ఆవిడ గ్రిల్ దగ్గర కూర్చుని, "రాలేదు. ఇంకోసారి ఆపి వెయ్యండి" అంది. మళ్లీ రాలేదు.

అప్పటికీ క్రాల్ స్పేస్ మీటర్ 85 చూపిస్తూనే ఉంది. వాసనకి దారి మూసుకుంది గానీ దూలాలు తడిలోనే ఉన్నాయి.

ఆగస్టు

వేరే ఊళ్ల స్నేహితులతో మాట్లాడుతుంటే ఒకటి గట్టిగా అనిపించింది. ఒకే దేశంలో, ఒకే రకం యంత్రం, వాసన మాత్రం ఊరికొకటి. హ్యూస్టన్‌లో మా పిన్ని కొడుకు ఇంటికి క్రాల్ స్పేస్ లేదు, కాంక్రీట్ పలకమీద కట్టారు. డక్టులు, యూనిట్ అటకమీద. ఎండకి ఉడికిపోయే అటక గాలిని రిటర్న్ లీకు లాగితే వాళ్లకొచ్చేది వేడెక్కిన చెక్క, ఇన్సులేషన్, ఎలుకల వాసన. ఫీనిక్స్‌లో గాలి ఎంత పొడంటే వాడని బాత్రూమ్ ట్రాపులు ఎండిపోయి డ్రైనేజీ వాసన ఇంట్లోకొస్తుంది, రిటర్న్ గ్రిల్ దాన్ని ఇల్లంతా పంచిపెడుతుంది. షికాగోలో బేస్‌మెంట్, రేకు డక్టులు, గ్యాస్ ఫర్నేస్ (గ్యాస్ మండించి ఇల్లు వేడిచేసే యంత్రం). అక్టోబర్‌లో మొదటిసారి హీటింగ్ వేసినరోజు దుమ్ము మాడిన వాసన వచ్చి ఒకటి రెండు రోజుల్లో పోతుంది, దానికి కంగారు పడక్కర్లేదు. ఫ్లోరిడాలోనూ, మధ్య పశ్చిమ రాష్ట్రాల్లోనూ కొన్ని పాత ఇళ్లలో డక్టుల్ని కాంక్రీట్ పలకలోనే పూడ్చేశారు. అవి తుప్పు పట్టి భూగర్భ జలం చేరితే వాటిని వదిలేసి పైన కొత్తవి వేసుకోవడం తప్ప పెద్దగా చేయగలిగేదేమీ ఉండదు. ఇల్లు కొనేముందు ఆ ఊరి గాలి ఎలాంటిది, డక్టులు ఎక్కడున్నాయి అని రెండూ కలిపి అడగాలి. గ్రానైట్ కౌంటర్ గురించి అడిగినంత శ్రద్ధగా అడగాలి.

మూసే పని విషయంలో మాకు ధైర్యమిచ్చింది ఈ రాష్ట్రంలోనే జరిగిన ఒక అధ్యయనం. రాలీలోని అడ్వాన్స్‌డ్ ఎనర్జీ అనే లాభాపేక్ష లేని సంస్థ ప్రిన్స్‌విల్ ఊళ్లో 12 ఒకేలాంటి చిన్న ఇళ్లు తీసుకుని, కొన్నిటికి జాలీలు ఉంచి, కొన్నిటికి క్రాల్ స్పేస్ మూసి చూసింది. జాలీలున్నవి వేసవిలో తడిగా ఉండిపోయాయి. మూసినవి పొడిగా ఉండటమే కాదు, చల్లదనానికీ వేడికీ కలిపి సుమారు 15 శాతం తక్కువ కరెంటు వాడాయి. తర్వాత రాష్ట్ర నిబంధనల్లో మూసిన క్రాల్ స్పేస్‌కి విడిగా నియమాలొచ్చాయి.

మేం చేసింది: తడిసిన పింక్ ఇన్సులేషనంతా సంచుల్లో కట్టి బయటికి. దూలాల మీది బూజుని సన్నటి ధూళినీ పట్టే హెపా వాక్యూమ్‌తో లాగి, డిటర్జెంట్ నీళ్లతో రుద్దించాం. బ్లీచ్ వాడలేదు, ఈపీఏ కూడా అలవాటుగా వాడమని చెప్పదు. మరకలు చెక్కలో ఉండిపోయాయి, ఉండనివ్వొచ్చు. నేలంతా మందపాటి తెల్ల ప్లాస్టిక్, అతుకు దగ్గర అడుగు మేర ఒకదానిమీదొకటి వేసి టేపు. గోడల మీదికీ ఎక్కించాం గానీ చెక్క మొదలయ్యేచోటుకి మూడంగుళాల కింద ఆపేశాం. ఆ ఖాళీ చెదపురుగుల తనిఖీ కోసం, ఇక్కడ అది తప్పనిసరి. జాలీలకి లోపలినుంచి ఫోమ్ బోర్డు కోసి బిగించి సీల్ చేశాం. డీహ్యూమిడిఫయర్‌ని 55 శాతం దగ్గర పెట్టాం, దాని నీళ్లు గొట్టంతో బయటికి.

ఒక హెచ్చరిక. క్రాల్ స్పేస్‌లో గ్యాస్ ఫర్నేసో, వాటర్ హీటరో ఉండి, అది మండటానికి అక్కడి గాలినే వాడుకుంటుంటే మూయకూడదు. పొగ వెనక్కి తిరిగి కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి రావచ్చు. మా గ్యాస్ వాటర్ హీటర్ గరాజ్‌లో ఉంది కాబట్టి సరిపోయింది. మీకు అనుమానముంటే ముందు లైసెన్సున్న మనిషికి చూపించండి.

థర్మోస్టాట్ కూడా 70 నుంచి 75కి పెంచాం. బయటి డ్యూ పాయింట్ 73 ఉన్నప్పుడు ఫ్లోరుని 70కి చల్లబరిస్తే దాని అడుగు భాగమే నీళ్లు పట్టే పలక అవుతుంది. ఫ్యాన్ ఆటోలోనే ఉంచాలి. ఎప్పుడూ ఆన్‌లో పెడితే కంప్రెసర్ ఆగాక తడి కాయిల్ మీది నీళ్లన్నీ ఆవిరై మళ్లీ ఇంట్లోకే వస్తాయి.

సెప్టెంబర్

క్రాల్ స్పేస్ 52 నుంచి 56 శాతం మధ్య నిలకడగా ఉంది. దూలాల్లో తేమ 13. యూనిట్ పక్కన 24 చూపిన దూలం కూడా 14కి దిగింది. మామయ్యగారు రాజమండ్రి వెళ్లిపోయారు. ఫోటోలు పంపితే, "మూలలో పట్టా ఎత్తి మట్టి చూశారా?" అని అడిగారు. చూశాను, పొడిగా ఉంది.

అక్టోబర్ చివర

పొద్దున 45 డిగ్రీలకి (7 సెల్సియస్) పడిపోయి హీట్ పంప్ హీటింగ్‌కి మారింది. మారగానే కొత్త వాసన. ముక్క వాసన కాదు, మాసిన సాక్సుల వాసన. ఏసీ మెకానిక్కులు దీన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. ఇది వేరే సమస్య, వేరేగానే చూడాలి. వేసవంతా తడిగా ఉన్న కాయిల్ మీద పేరుకున్న దుమ్ములో బ్యాక్టీరియా పొర కడుతుంది. హీట్ పంప్‌లో చల్లబరిచేదీ వేడిచేసేదీ అదే కాయిల్. పగలు చల్లదనం, రాత్రి వేడి నడిచే వసంతంలోనూ శరత్కాలంలోనూ ఆ పొర తడుస్తూ వెచ్చబడుతూ వాసన వదులుతుంది. విశాఖలో మా అక్కావాళ్ల స్ప్లిట్ ఏసీకి డక్టులే లేవు, అయినా వానాకాలంలో ఆన్ చేయగానే ఇలాంటి వాసనే వస్తుంది. వాళ్ల మెకానిక్ కాయిల్, లోపలి బ్లోయర్ కడిగితే పోతుంది.

ఇక్కడా కడిగించాం. కాయిల్ మీద జిడ్డు పొర ఉందని, దుమ్ము దానికే అతుక్కుందని మెకానిక్ చూపించాడు. ఆ జిడ్డు మా వంటింటిదే. పోపులు, వేపుళ్లు, వారానికోసారి పూరీలు. పొయ్యి మీది హుడ్ గాలిని బయటికి పంపే రకం కాదు, జల్లెడలోంచి తిప్పి మళ్లీ వంటింట్లోకే వదులుతుంది. రిటర్న్ గ్రిల్ అక్కడికి పదడుగుల దూరం. నూనె ఆవిరి ఫిల్టర్ దాటి కాయిల్ దాకా వెళ్తోంది. ఇక్కడి బిల్డర్లు ఇలాంటి హుడ్లు పెట్టేస్తున్నారు. మన వంటకి ఇవి ఎంతమాత్రం చాలవు.

నవంబర్

మూసిన క్రాల్ స్పేస్‌కి రేడాన్ పరీక్ష చేయించుకోవాలి. వేక్ కౌంటీలో కొన్నిచోట్ల రాతి నుంచి ఈ రేడియోధార్మిక వాయువు వస్తుంది, ఊపిరితిత్తులకి ప్రమాదం, దీనికి వాసనుండదు, ముక్కుని నమ్ముకుని లాభం లేదు. కిట్ తెచ్చి కింది గదిలో పెట్టి ల్యాబ్‌కి పంపాం. 1.8 వచ్చింది. ఈపీఏ చర్య తీసుకోమనే హద్దు లీటరు గాలికి 4 పికోక్యూరీలు. చలికాలం ఇల్లు మూసి ఉంచే రోజుల్లో ఇంకోసారి చూస్తాం.

మిగిలింది హుడ్. కొలతలు తీసుకున్నాను. పొయ్యి వెనక గోడ బయటి గోడే, అవతల పెరడు. ఆరంగుళాల రేకు గొట్టం, నాలుగడుగుల దూరం, మధ్యలో ఒక్క వంపు కూడా అక్కర్లేదు. ఇటుక కోసేవాడు డిసెంబర్ రెండో వారంలో వస్తానన్నాడు. గోడలో ఎలక్ట్రిక్ వైరు పైనుంచి దిగుతోంది, కోసేలోపు దాన్ని ఒక స్టడ్ (గోడలోని నిలువు చెక్క) పక్కకి జరిపించాలి.